సబురో సకాయ్: జపాన్ నౌకాదళ ఫైటర్ పైలట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ మీద పోరాడిన జపాన్ పైలట్లలో బయటి ప్రపంచానికి బాగా తెలిసిన పేరు సబురో సకాయ్. అతని గురించి అడిగేవాళ్ళలో ఎక్కువమంది మొదట అడిగేది ఎన్ని విమానాలు కూల్చాడని. ఆ ప్రశ్నకూ ఇక్కడ జవాబుంది. కానీ ఎన్నిసార్లు చావు అంచు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు, తనతో వచ్చిన కుర్రాళ్ళను ఎలా వెనక్కి తెచ్చుకున్నాడు అన్నదే అతని జీవితంలో అసలు విషయమని నా నమ్మకం. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి.

సబురో సకాయ్ ఎవరు?

జపాన్ ఇంపీరియల్ నౌకాదళంలో ఫైటర్ పైలట్. 1916 ఆగస్టులో క్యూషూ ద్వీపంలోని సాగా ప్రాంతంలో పుట్టాడు. 1938 నుంచి 1945 దాకా చైనా, ఫిలిప్పీన్స్, డచ్ ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా), న్యూగినీ, సాలమన్ దీవులు, ఇవో జిమాల్లో పోరాడాడు. అయిదు శత్రు విమానాలు కూల్చిన పైలట్‌ను 'ఏస్' అనడం ఆనవాయితీ. ఏ లెక్క చూసినా సకాయ్ ఆ గీత ఎప్పుడో దాటేశాడు. 2000 సెప్టెంబరు 22న, 84 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

సమురాయ్ వంశం అంటారు. జమీందారీ కుటుంబమా?

వంశం సమురాయ్‌దే, ఇంట్లో మాత్రం పేదరికం. 1871లో మెయిజీ ప్రభుత్వం పాత సంస్థానాలను రద్దు చేయడంతో, ప్రభువుల కొలువు మీద బతికిన వేలాది సమురాయ్ కుటుంబాలకు జీవనాధారం పోయింది. సకాయ్ పూర్వీకులూ అలాగే వ్యవసాయంలోకి దిగారు. అతనికి 11 ఏళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఏడుగురు పిల్లల్ని తల్లి ఒక్కతే పెంచింది. టోక్యోలో ఉన్న మేనమామ ఇతన్ని చదివిస్తానని తీసుకెళ్ళి, అవోయమా గకుయిన్ అనే మంచి స్కూల్లో వేశాడు. అక్కడ చదువు సాగలేదు. మార్కులు పడిపోయి, సొంతూరికి తిరిగి రావలసి వచ్చింది. ఊరంతా ఆశపెట్టుకున్న పిల్లాడు తలవంచుకుని వెనక్కి రావడం ఆ కాలపు పల్లెలో చిన్న అవమానం కాదు. 1933 మేలో, 16 ఏళ్ళకే, ససెబో నౌకాదళ కేంద్రంలో అట్టడుగు స్థాయి నావికుడిగా చేరిపోయాడు.

చేరగానే పైలట్ అయ్యాడా?

కాలేదు. ముందు యుద్ధనౌకల మీద ఫిరంగి దళంలో పనిచేశాడు. మొదట కిరిషిమా, తర్వాత గన్నరీ స్కూలు చదువు, ఆపైన హరునా. ఆ రోజుల్లో జపాన్ నౌకాదళంలో కొత్తగా చేరినవాళ్ళను కర్రలతో బాదడం రోజువారీ వ్యవహారం. చిన్న తప్పుకు కూడా వరసగా నిలబెట్టి పిరుదుల మీద కొట్టేవాళ్ళు. ఒకడు తప్పు చేస్తే వరసంతటికీ దెబ్బలే. మూలిగితే ఇంకో దెబ్బ. మనుషుల్ని ఎదురు ప్రశ్నించని పశువుల్లా తయారుచేసే పద్ధతి అది అని సకాయ్ తర్వాతి కాలంలో చెప్పాడు. ఆ నరకంలోంచి బయటపడే దారుల్లో పైలట్ పరీక్ష ఒకటి.

పైలట్ శిక్షణ నిజంగా అంత కఠినమా?

యుద్ధానికి ముందు జపాన్ నౌకాదళం తక్కువమందినే తీసుకునేది, వాళ్ళనే సానబెట్టేది. సకాయ్ చెప్పిన లెక్క ప్రకారం అతని బ్యాచికి 1500 మంది దరఖాస్తు చేస్తే 70 మందిని తీసుకున్నారు. చివరికి గట్టెక్కింది 25 మంది. ఇనప స్తంభం ఎక్కి ఒంటి చేత్తో నిమిషాల తరబడి వేలాడటం, చేతుల మీద నడవటం, ఊపిరి బిగబట్టి నీళ్ళలో ఉండటం రోజూ ఉండేవి. చూపు కోసం పట్టపగలు ఆకాశంలో నక్షత్రాలు వెతకటం, చురుకుదనం కోసం ఎగిరే ఈగను పిడికిట్లో పట్టుకోవటం కూడా సాధన చేశామని రాసుకున్నాడు.

1937 చివర్లో బ్యాచిలో మొదటివాడుగా నిలిచాడు. మొదటి స్థానానికి చక్రవర్తి పేరు మీద ఇచ్చే వెండి గడియారం అతనికి దక్కింది. స్కూల్లో తప్పిన కుర్రాడికి ఆ గడియారం ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉంది. ఇంత తక్కువమందిని తయారుచేస్తే, వాళ్ళు చనిపోయాక ఆ స్థానంలోకి ఎవరొస్తారు? 1942 తర్వాత జపాన్‌ను దెబ్బతీసిన కారణాల్లో ఇది ముఖ్యమైనది.

అతని మొదటి పోరాటం అమెరికాతోనా?

చైనాతో. 1938 అక్టోబరు 5న హాంకౌ మీద, మిత్సుబిషి టైప్ 96 ఫైటర్‌లో ఎగురుతూ మొదటి విమానాన్ని కూల్చాడు. 1939 అక్టోబరులో చైనా తరఫు బాంబర్లు హాంకౌ స్థావరం మీద పడ్డాయి. వరసగా నిలిపి ఉంచిన జపాన్ విమానాలు తగలబడుతుంటే, గాయపడిన సకాయ్ చెక్కుచెదరని ఒక ఫైటర్ వెతుక్కుని ఒంటరిగా వాటి వెంటపడ్డాడు. అందులో ఒకదాన్ని దెబ్బతీశాడు కూడా.

ఈ సాహసాన్ని చదివి పొంగిపోయేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. అది చైనా నేల. అక్కడికి పిలవకుండా వెళ్ళింది జపాన్ సైన్యం. ఆ హాంకౌ నుంచే జపాన్ బాంబర్లు చోంగ్‌చింగ్ నగరం మీద పదేపదే బాంబులు కురిపించి వేలాది మామూలు జనాన్ని చంపాయి. సకాయ్ ఆ దురాక్రమణలో ఒక సైనికుడు.

జీరో విమానం అంత గొప్పదా? ఆ పేరెందుకు?

జపాన్ నౌకాదళపు ఈ ఫైటర్‌ను వాడుకలోకి తీసుకున్న 1940వ సంవత్సరం జపాన్ పాత పంచాంగంలో 2600. చివరి సున్నాను బట్టి 'టైప్ జీరో' అన్నారు. జిరో హొరికొషి నాయకత్వంలో మిత్సుబిషి ఇంజనీర్లు దాన్ని రూపొందించారు. రెక్కల్లో రెండు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు, ముక్కు మీద రెండు 7.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్లు. అదనపు ట్యాంకుతో 3000 కిలోమీటర్ల పైన ఎగరగలదు. ఆనాటి ఫైటర్లలో ఇది నమ్మలేని దూరం.

ఆ తేలికదనం ఊరికే రాలేదు. పైలట్ వెనక ఉక్కు పలక లేదు. బుల్లెట్ తగిలితే తనంతట తాను మూసుకునే ఇంధన ట్యాంకు లేదు. బరువు తగ్గించడానికి సకాయ్ దళం సరిగా పనిచేయని రేడియోలను కూడా పీకేసింది, కాబట్టి గాల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే చేతి సైగలే గతి. పైలట్ అనుభవజ్ఞుడైతే జీరో అద్భుతం. కొత్తవాడికి ఒక్క తూటా చాలు, మంటల్లో కాలిపోవడానికి.

తైవాన్ నుంచి ఫిలిప్పీన్స్ దాకా ఒకే ఊపులో వెళ్ళి వచ్చారంటే ఎలా?

సకాయ్ పనితనం కనిపించే చోటు ఇదేనని నాకు అనిపిస్తుంది. తైవాన్‌లోని తైనాన్ స్థావరం నుంచి మనీలా పక్కనున్న క్లార్క్ ఫీల్డ్ 800 కిలోమీటర్ల పైచిలుకు. వెళ్ళి, అక్కడ పోరాడి, తిరిగి రావాలి. ఫైటర్లకు అది అసాధ్యమని, విమానవాహక నౌకలు కావాలని మొదట పై అధికారులు అనుకున్నారు. ఆ నౌకలేమో హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడికి కావాలి.

దాంతో తైనాన్ దళం పైలట్లు ఇంధనం పొదుపు మీద నెలల తరబడి సాధన చేశారు. ఇంజన్ తిరిగే వేగాన్ని బాగా తగ్గించి, ఇంధనంలో గాలి పాలు పెంచి, ఆగిపోతుందేమో అన్నంత నెమ్మదిగా, దాదాపు 12,000 అడుగుల ఎత్తులో వెళ్ళేవారు. గంటకు 70 లీటర్లలోపు ఖర్చుతో తాను ఎగరగలిగానని సకాయ్ గర్వంగా చెప్పుకున్నాడు. ఈ సాధన వల్లే ఫిలిప్పీన్స్ దాడికి నౌకలు అక్కర్లేకపోయాయి. ఎనిమిది నెలల తర్వాత ఇదే పొదుపు అతని ప్రాణం కాపాడింది.

1941 డిసెంబరు 8 తెల్లవారుజామున తైవాన్‌లో దట్టమైన పొగమంచు. విమానాలు గంటల తరబడి లేవలేకపోయాయి. పెర్ల్ హార్బర్ కబురు అప్పటికే చేరింది కాబట్టి అమెరికన్లు తమకోసం కాచుకుని ఉంటారని పైలట్లు భయపడ్డారు. మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక క్లార్క్ ఫీల్డ్ మీదికి చేరేసరికి అమెరికన్ విమానాలు నేల మీద బారులు తీరి ఉన్నాయి. ఆ రోజు సకాయ్ ఒక అమెరికన్ పి-40 ఫైటర్‌ని కూల్చినట్టు చెప్పాడు.

కోలిన్ కెల్లీ విమానాన్ని కూల్చింది ఇతనేనా?

డిసెంబరు 10న ఫిలిప్పీన్స్ మీద బి-17 బాంబర్‌ను వెంటాడిన జీరోల్లో సకాయ్ ఒకడు. నాలుగు ఇంజన్ల ఆ బాంబర్‌ను కూల్చగలమా అని అప్పటిదాకా జపాన్ పైలట్లకు సందేహం ఉండేది. ఆ బాంబర్ పైలట్ కెప్టెన్ కోలిన్ కెల్లీ తన సిబ్బంది పారాచ్యూట్లతో దూకేదాకా విమానాన్ని నిలబెట్టి, తాను అందులోనే ప్రాణం విడిచాడు. యుద్ధం మొదట్లో అమెరికా తొలి వీరుల్లో ఒకడయ్యాడు. అతను హరునా యుద్ధనౌకను ముంచాడని అమెరికన్ పత్రికలు రాశాయి. హరునా ఆ దరిదాపుల్లోనే లేదు. ఒకప్పుడు సకాయ్ ఫిరంగి దగ్గర కాపలా కాసిన నౌక అదే కావడం విచిత్రం. కెల్లీ చేసిన త్యాగానికి ఆ అబద్ధపు అలంకారం అవసరమే లేదు.

ప్రయాణికుల విమానాన్ని వదిలేశాడన్న కథ?

సకాయ్ స్వయంగా చాలాసార్లు చెప్పిన సంగతి. డచ్ ఈస్టిండీస్ మీద గస్తీ తిరుగుతుండగా ఒక పెద్ద రవాణా విమానం కనిపించింది. కనబడ్డ ప్రతి విమానాన్నీ కూల్చమని ఆదేశం. దగ్గరికి వెళ్ళి చూస్తే కిటికీలో ఒక తెల్లజాతి స్త్రీ, పక్కన చిన్నపిల్ల. టోక్యో స్కూల్లో తనను ఆదరించిన అమెరికన్ ఉపాధ్యాయురాలు గుర్తొచ్చిందట. వెళ్ళిపొమ్మని పైలట్‌కు సైగ చేసి వదిలేశాడు, ఆ సంగతి పైవాళ్ళకు చెప్పలేదు. దీనికి సాక్షి అతనొక్కడే. నేను నమ్ముతాను, ఎందుకంటే జపాన్ సైన్యంలో ఆదేశం ధిక్కరించానని చెప్పుకోవడం వల్ల తోటి సైనికుల్లో గౌరవం పెరగదు.

1942లో విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేసినవాళ్ళలో సకాయ్ ఉన్నాడా?

లేడు. తెలుగువాళ్ళకు ఈ సందేహం రావడం సహజమే. 1942 ఏప్రిల్ 6న మన తీరం మీద దాడి చేసినవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు. ఆ నౌక అడ్మిరల్ ఒజావా దళంలో బంగాళాఖాతంలో తిరుగుతూ సరుకు ఓడలను ముంచుతోంది. దానికి ముందురోజు మరో జపాన్ అడ్మిరల్ నగుమో నౌకలు కొలంబో మీద పడ్డాయి. సకాయ్ ఉన్న తైనాన్ దళం నేల మీది స్థావరాల నుంచి ఎగిరే దళం. సరిగ్గా అదే నెలలో అతను వేల కిలోమీటర్ల తూర్పున న్యూగినీ చేరాడు.

న్యూగినీ, దాని పక్కనున్న న్యూబ్రిటన్ దీవిలోని జపాన్ స్థావరం రబౌల్, ఈ పేర్లతో భారతీయులకు మరో బాధాకరమైన సంబంధం ఉంది. సింగపూర్‌లో పట్టుబడిన భారత సైనికుల్లో వేలమందిని జపాన్ సైన్యం ఆ ప్రాంతాలకు కూలీలుగా తరలించింది. ఆకలి, మలేరియా, దెబ్బలతో చాలామంది అక్కడే చనిపోయారు.

లాయేలో బతుకు ఎలా ఉండేది?

న్యూగినీ ఉత్తర తీరంలో చిన్న రన్‌వే, ఒక కొసన సముద్రం. 1937లో అమెరికన్ మహిళా పైలట్ అమేలియా ఇయర్‌హార్ట్ చివరిసారి గాల్లోకి లేచింది ఆ రన్‌వే మీంచే. పోర్ట్ మోర్స్‌బీలోని మిత్రరాజ్యాల విమానాలకు, లాయేలోని జీరోలకు మధ్య ఓవెన్ స్టాన్లీ పర్వతాలు. దాదాపు రోజూ పోరాటమే. తిండి నాసిరకం, దోమలు, జ్వరాలు, రాత్రుళ్ళు బాంబులు.

సకాయ్‌కు జీవితాంతం కోపం తెప్పించిన విషయం ఇంకొకటి ఉంది. నౌకాదళ అకాడమీలో చదివిన అధికారులకు వేరే వసతి, మెరుగైన తిండి. నావికుల నుంచి పైకొచ్చిన పైలట్లు ఎంత గొప్పగా పోరాడినా కిక్కిరిసిన గుడిసెల్లో పడి ఉండాలి. వాళ్ళ ప్లటూన్ నాయకుడు లెఫ్టినెంట్ జునిచి ససాయ్ మాత్రం వేరు. తన మనుషుల్లో ఎవరికి జ్వరం వచ్చినా పక్కన కూర్చునేవాడు. గాల్లో తమకంటే అనుభవం తక్కువైన ఆ అధికారికి సకాయ్ మెలకువలు నేర్పాడు. అతను సిగ్గుపడకుండా నేర్చుకున్నాడు. హిరోయోషి నిషిజావా, తోషియో ఓటా కూడా ఆ గుంపువాళ్ళే. నిషిజావా సన్నగా, రోగిష్టిలా ఉండి, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. విమానం ఎక్కితే మాత్రం అతన్ని మించినవాడు లేడని సకాయ్ మాట.

పోర్ట్ మోర్స్‌బీ మీద శత్రువుల ముందు విన్యాసాలు చేశారట, నిజమేనా?

1942 మేలో నిషిజావా, ఓటా, తాను కలిసి శత్రు స్థావరం మీద గిరికీలు కొట్టామని, కింద ఒక్క తుపాకీ పేలలేదని, తర్వాత శత్రువులు మెచ్చుకుంటూ ఒక చీటీ జారవిడిచారని సకాయ్ పేరుతో వచ్చిన జ్ఞాపకాల్లో ఉంది. చాలా అందమైన కథ. అయితే మిత్రరాజ్యాల రికార్డుల్లో దానికి ఆధారం దొరకలేదు. అందుకే దీన్ని చరిత్రగా చెప్పొద్దనే అంటాను.

1942 ఆగస్టు 7న ఏం జరిగింది?

ఆ ఉదయం అమెరికన్ మెరైన్లు సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ మీద దిగారు. రబౌల్‌లో ఉన్న తైనాన్ దళానికి వెంటనే అక్కడికి వెళ్ళమని ఆదేశం. దూరం వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఫైటర్లు అంత దూరం వెళ్ళి పోరాడి రావడం అప్పటికి ఎవరూ చేయనిది. 18 జీరోలు బాంబర్లకు తోడుగా బయల్దేరాయి.

గ్వాడల్‌కెనాల్ పైన సకాయ్‌కు ఒక అమెరికన్ వైల్డ్‌క్యాట్ ఫైటర్ మూడు జీరోలతో ఒంటరిగా తలపడుతూ కనిపించింది. నడుపుతున్నది సరటోగా నౌకకు చెందిన జేమ్స్ సదర్లాండ్. సకాయ్ రంగంలోకి దిగాక ఇద్దరూ మలుపు మీద మలుపు తిరిగారు. సకాయ్ వందలకొద్దీ తూటాలు దించినా వైల్డ్‌క్యాట్ ఎగురుతూనే ఉంది. జీరో అయితే ఎప్పుడో మండిపోయేది అనుకున్నాడు. పక్కకు వచ్చి చూస్తే ఆ పైలట్ భుజం మీద రక్తం. చివరికి ఫిరంగితో ఇంజన్ వైపు కొట్టాడు. సదర్లాండ్ దూకేసి, ద్వీపవాసుల సాయంతో బతికి బయటపడ్డాడు. అతని తుపాకులు పనిచేయని స్థితిలో ఉన్నాయి. అతని విమాన శకలాలు 1998లో ఆ అడవిలో దొరికాయి.

కాసేపటికి సకాయ్‌కు ముందు మరో గుంపు కనిపించింది. వైల్డ్‌క్యాట్లు అనుకుని వెనకనుంచి, కిందినుంచి సమీపించాడు. దగ్గరికెళ్ళాక తెలిసింది, అవి డాంట్‌లెస్ డైవ్ బాంబర్లని. వాటికి వెనక్కి గురిపెట్టే జంట మెషిన్‌గన్లు ఉంటాయి. వెనక్కి తిరిగితే పొట్ట చూపించినట్టవుతుంది. ముందుకే దూకాడు. అన్ని విమానాల తుపాకులూ ఒక్కసారి పేలాయి.

తూటా కుడికన్ను పైన తలను చీల్చుకుపోయింది. కాక్‌పిట్ అద్దాలు ముక్కలయ్యాయి. కుడికంటికి చూపు పోయింది, ఎడమకన్ను నెత్తుటితో మూసుకుపోయింది, ఎడమ చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. జీరో సముద్రం వైపు పడిపోతోంది. ఎలాగో విమానం నడిపే కంట్రోలు కర్ర లాగి దాన్ని నిలబెట్టాడు. ఏదైనా శత్రు నౌక మీద పడి చచ్చిపోదామని మొదట అనుకున్నాడు. నౌక కనబడలేదు. మెడలోని పట్టు గుడ్డను హెల్మెట్ కిందకి కుక్కి రక్తం ఆపాడు. గాలికి కన్ను కాస్త తెరుచుకుంది. దిక్సూచి కనిపించింది.

తర్వాత జరిగిందంతా నిద్రతో యుద్ధం. కునుకు పట్టినప్పుడల్లా విమానం తలకిందులయ్యేది. గాయం మీద కొట్టుకుని, నొప్పితో మేలుకునేవాడు. దారి తప్పాడు. కింద దక్షిణానికి వెళ్తున్న జపాన్ క్రూయిజర్లు కనిపించాయి. వాటి పక్కన దిగితే ఎత్తుకుంటారు. కానీ తనకోసం ఆగితే గ్వాడల్‌కెనాల్‌కు ఆలస్యమవుతుందని దిగకుండా వచ్చేశానని చెప్పాడు. రబౌల్ చేరేసరికి ఇంధనం అడుగంటింది. 4 గంటల 47 నిమిషాలు ఒంటికన్నుతో, ఒంటిచేత్తో ఎగిరాడు. ఒకప్పుడు తైవాన్‌లో గంటకు ఎన్ని లీటర్లని లెక్కపెట్టుకుంటూ నేర్చిన చెయ్యి లేకపోతే ఆ ట్యాంకు మధ్యలోనే ఖాళీ అయ్యేది.

దిగాక డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. ముందు కమాండర్ దగ్గరికి వెళ్ళి రిపోర్టు ఇచ్చి అప్పుడు కుప్పకూలాడు. ఎవరితోనూ మాట్లాడని నిషిజావా అతన్ని కారులో వేసుకుని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు.

చూపు తిరిగొచ్చిందా?

కుడికంటికి రాలేదు. జపాన్ తీసుకెళ్ళి యొకోసుకా నౌకాదళ ఆస్పత్రిలో మత్తు ఇవ్వకుండా కంట్లో శస్త్రచికిత్స చేశారు. నెలల తరబడి ఆస్పత్రిలోనే ఉండి, 1943లో బయటికొచ్చి కొత్త పైలట్లకు పాఠాలు చెప్పే పనిలో పడ్డాడు. ఆ కుర్రాళ్ళను చూసి గుండె చెరువయ్యిందని రాశాడు. తన బ్యాచిలో పాతిక మందిని తయారుచేయడానికి పట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా లేకుండా వందల మందిని తోసేస్తున్నారు. ఇంధనం కరువు, సమయం కరువు.

ఒంటికన్నుతో మళ్ళీ యుద్ధానికి ఎలా పంపారు?

పైలట్లు మిగల్లేదు కాబట్టి. 1944లో ఇవో జిమాకు వెళ్ళాడు. జూన్ 24న జీరోలనుకుని ఒక గుంపు వైపు వెళ్ళి, అవి 15 అమెరికన్ హెల్‌క్యాట్ ఫైటర్లని గ్రహించేసరికి మధ్యలో ఇరుక్కున్నాడు. ఇరవై నిమిషాలు తప్పించుకుంటూ, ఒక్క తూటా తగలకుండా ఇంటికి చేరానని చెప్పాడు. కుడివైపు చూపు లేని మనిషికి దూరంలో ఉన్నవి ఎవరివో పోల్చుకోవడం ఎంత కష్టమో ఈ సంఘటనే చెబుతుంది.

ఆత్మాహుతి దాడికి కూడా పంపారా?

1944 జూలైలో. కామికాజే దళాలు అధికారికంగా మొదలవడానికి మూడు నెలల ముందే ఇవో జిమాలో మిగిలిన కొద్ది విమానాలకు వింత ఆదేశం వచ్చింది: దారిలో ఎవరితోనూ పోరాడొద్దు, రెక్కకు రెక్క ఆనించుకుని వెళ్ళి అమెరికన్ విమానవాహక నౌకలను ఢీకొట్టండి. అవి కనబడకముందే హెల్‌క్యాట్లు పడి సగానికి పైగా కూల్చేశాయి. చీకటి, వాన. శత్రు నౌకల జాడ లేదు. సకాయ్ వెంట ఇద్దరు కుర్ర పైలట్లున్నారు. ఏమీ సాధించకుండా ముగ్గురూ సముద్రంలో కలవడమా, ఆదేశం తప్పి వెనక్కి తిరగడమా? వెనక్కి తిరిగాడు. రాత్రివేళ, నల్లటి సముద్రం మధ్య, నలుసంత ద్వీపాన్ని లెక్క మీద వెతికి పట్టుకుని ఇద్దర్నీ దింపాడు.

తన కింద ఎగిరిన తోడు పైలట్ ఒక్కడూ చావలేదన్నది సకాయ్ అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకున్న విషయం. నాకు ఆ రాత్రి నిర్ణయం, ఆగస్టు 7 ప్రయాణం కన్నా పెద్దదిగా తోస్తుంది. ఆగస్టులో కాపాడుకున్నది తన ప్రాణం. జూలైలో తన పరువు పణంగా పెట్టి ఇద్దరు కుర్రాళ్ళను కాపాడాడు. కామికాజే పద్ధతిని తర్వాత అతను బాహాటంగా తప్పుపట్టాడు.

జపాన్ లొంగిపోయాక కూడా పోరాడాడా?

అవును. 1945 ఆగస్టు 15న చక్రవర్తి ప్రకటన రేడియోలో వచ్చింది. ఆగస్టు 17, 18 తేదీల్లో టోక్యో పరిసరాల మీద ఫోటోలు తీస్తున్న అమెరికన్ బి-32 బాంబర్ల మీద కొందరు జపాన్ పైలట్లు దాడిచేశారు. తానూ ఎగిరానని సకాయ్ ఒప్పుకున్నాడు. 18న సార్జెంట్ ఆంథొనీ మార్కియోనీ చనిపోయాడు. ఆ యుద్ధంలో గగనతల పోరులో చనిపోయిన చివరి అమెరికన్ అతనే. లొంగుబాటు పత్రం మీద సంతకాలు ఇంకా కాలేదు కాబట్టి నేరం కాదని వాదించేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ చావు అక్కర్లేని చావే.

మరి 64 విమానాలు కూల్చాడన్న లెక్క?

1957లో అతని పేరుతో ఇంగ్లీషులో వచ్చిన పుస్తకం ద్వారా ఆ అంకె ప్రపంచమంతా పాకింది. జపాన్ నౌకాదళం వ్యక్తుల పేరు మీద అధికారిక లెక్కలు కట్టే సంప్రదాయం పెట్టుకోలేదు. విజయం దళానిది. గాల్లో కొన్ని సెకన్లలో జరిగేదాన్ని ముగ్గురు చూస్తే ముగ్గురూ తామే కూల్చామనుకుంటారు. పొగ వదులుతూ కిందికి దూకిన విమానం చాలాసార్లు క్షేమంగా ఇల్లు చేరుతుంది. అన్ని దేశాల పైలట్ల లెక్కల్లోనూ ఇదే తంతు. రెండువైపుల రికార్డులూ పోల్చిన పరిశోధకులు సకాయ్ లెక్క 64 కన్నా చాలా తక్కువని తేల్చారు. ఎవరైనా ఆ అంకెను అనుమానం లేకుండా చెబితే నమ్మకండి.

లాయే మిత్రులు ఏమయ్యారు?

సకాయ్‌ను రబౌల్ నుంచి జపాన్ పంపేటప్పుడు ససాయ్ తన బెల్టు నుంచి వెండి పులి బొమ్మ ఉన్న బకిల్ తీసి ఇచ్చాడు. పులి వెయ్యి మైళ్ళు వెళ్ళినా తిరిగి ఇంటికొస్తుందని జపాన్‌లో నానుడి. కొడుకు క్షేమంగా రావాలని తండ్రి ససాయ్‌కి ఇచ్చిన వస్తువది. 1942 ఆగస్టు 26న ససాయ్ గ్వాడల్‌కెనాల్ మీద చనిపోయాడు. అక్టోబరులో ఓటా. నిషిజావా 1944 అక్టోబరు 26న ఫిలిప్పీన్స్ మీద రవాణా విమానంలో ప్రయాణికుడిగా వెళ్తూ, చేతిలో తుపాకీ కూడా లేకుండా చనిపోయాడు.

యుద్ధం తర్వాత ఎలా బతికాడు?

కటిక పేదరికంలో. పాత సైనికాధికారులకు ఉద్యోగాలు లేవు, విమానాలు నడిపే అవకాశమే లేదు. యుద్ధకాలంలో పెళ్ళాడిన హత్సుయో అతని మేనమామ కూతురు. నువ్వు చనిపోతే నేనూ పోతానని పెళ్ళిలో బాకు అడిగి తీసుకున్న మనిషి. ఆమె 1947లో జబ్బుచేసి చనిపోయింది. 1952లో మళ్ళీ పెళ్ళిచేసుకుని, చిన్న ప్రింటింగ్ ప్రెస్ పెట్టుకున్నాడు. బౌద్ధాన్ని గట్టిగా పట్టుకుని, ఇక ప్రాణి ఏదైనా, దోమనైనా, చంపనని మొక్కుకున్నాడు. కూతుర్ని చదువుకోవడానికి అమెరికా పంపాడు. ఆమె అమెరికన్‌నే పెళ్ళాడింది.

1983లో హెరాల్డ్ జోన్స్‌ను కలిశాడు. 1942 ఆగస్టు 7న డాంట్‌లెస్ వెనక సీట్లోంచి తన మీద తూటాలు కురిపించిన గన్నర్లలో ఒకడు. సకాయ్ ఆనాటి చిరిగిన హెల్మెట్ అతనికి చూపించాడు. యుద్ధం నడిపిన నాయకులు, చక్రవర్తి సహా, బాధ్యత తీసుకోలేదని జపాన్‌లో గట్టిగా మాట్లాడిన కొద్దిమంది పాత సైనికుల్లో సకాయ్ ఒకడు. దానివల్ల సొంత మనుషులకే దూరమయ్యాడు.

2000లో అత్సుగి స్థావరంలో అమెరికన్ నౌకాదళం ఇచ్చిన విందుకు వెళ్ళి, అక్కడే గుండెనొప్పితో అస్వస్థుడై చనిపోయాడు.

తాను చంపినవాళ్ళను గుర్తుపెట్టుకున్నాడా?

ఒకరి విషయంలో రుజువుంది. 1942 జూలై 22న న్యూగినీలోని బునా దగ్గర ఆస్ట్రేలియన్ హడ్సన్ బాంబర్ ఒకటి తొమ్మిది జీరోలకు చిక్కింది. పారిపోతుందనుకుంటే అది వెనక్కి తిరిగి ఫైటర్‌లా ఎదురుపడింది. చివరికి సకాయ్ తూటాలకు కూలింది. నలుగురూ చనిపోయారు. ఆ పైలట్ ఎవరో సకాయ్‌కు దశాబ్దాలు తెలియదు. వారెన్ కోవన్ అని 1990ల్లో తెలిశాక, ఆ ధైర్యానికి మరణానంతరం పెద్ద పతకం ఇవ్వమని ఆస్ట్రేలియా రక్షణమంత్రికి ఉత్తరం రాశాడు. గడువు దాటిపోయిందని ప్రభుత్వం ఒప్పుకోలేదు. కూల్చినవాడే కూలినవాడికి పతకం అడగడం నేనెక్కడా వినలేదు.

జీరో విమానాన్ని ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

టోక్యోలో యసుకుని మందిరం పక్కనున్న యుషుకన్ మ్యూజియంలో ఒకటుంది. అయితే ఆ మ్యూజియం యుద్ధాన్ని చూపే తీరు మీద చైనా, కొరియాల్లో తీవ్రమైన అభ్యంతరాలున్నాయి, అది తెలిసి వెళ్ళండి. అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణ దగ్గర. సకాయ్ మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు అన్నిటికన్నా విలువైనది కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ సేకరణలో ఉంది. అది 1942 ఏప్రిల్‌లో పపువా తీరంలో బలవంతంగా దిగిన, తైనాన్ దళానికే చెందిన జీరో. వెళ్ళేముందు ప్రదర్శనలో ఉందో లేదో మెమోరియల్‌ను అడిగి తెలుసుకోండి.